దగ్గరకొచ్చిన ఉపగ్రహం ఒకచోట నిలవదు

అందరికీ నమస్కారం. టీవీ డిష్ బిగించేవాళ్లు దాన్ని ఒక దిక్కుకు తిప్పి మరలు బిగించి వెళ్లిపోతారు. మళ్లీ ఎవరూ కదపరు. అది చూసే ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమానంగా తిరుగుతూ ఎప్పుడూ ఒకేచోట కనిపిస్తుంది కాబట్టి.

సినిమా చూడ్డానికి ఇది బాగానే ఉంటుంది. మాట్లాడుకోవడానికే తంటా. మన ‘హలో’ పైకెళ్లి కిందికి రావాలంటే దాదాపు 72,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా పావు సెకను. జవాబుకి ఇంకో పావు. ఈలోగా ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, ‘నువ్వు చెప్పు’, ‘కాదు, నువ్వే చెప్పు’.

అందుకే ఉపగ్రహాన్ని కిందికి దించారు. ఆకాశం నుంచి ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. నెత్తిమీదున్నప్పుడు పైకెళ్లి కిందికి రావడానికి 4 మిల్లీసెకన్లు చాలు. కానీ అంత దగ్గర్లో పడిపోకుండా ఉండాలంటే సెకనుకి 7.6 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తాల్సిందే. కొన్ని నిమిషాల్లో మన ఆకాశం దాటిపోతుంది. ఒకటి వెళ్లేలోగా ఇంకొకటి రావాలి. వేలకొద్దీ పంపుతున్నది అందుకే.

మరి యాంటెన్నా దాని వెంట తిరగాలి కదా? తిరగదు, నాకు ముచ్చటేసేది ఇదే. పలకలాంటి ఆ యాంటెన్నాలో వందలాది చిన్న యాంటెన్నాలుంటాయి. చెరువులో వరుసగా రాళ్లన్నీ ఒకేసారి వేస్తే అల తిన్నగా వెళుతుంది. ఎడమ నుంచి కుడికి ఒకదాని తర్వాత ఒకటి వేస్తే అల కుడివైపు ఒరుగుతుంది. రేడియో తరంగాన్నీ అలాగే ఒరిగిస్తారు. పలక కదలదు, కిరణం కదులుతుంది.

తక్కువ ఎత్తులో చిక్కులూ ఉన్నాయి. అక్కడ పల్చగానైనా గాలి ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో సౌర తుఫాను వల్ల ఆ గాలి చిక్కబడి, అప్పుడే పంపిన 49 స్టార్‌లింక్‌లలో దాదాపు 40 పోయాయి. పాపం, పని మొదలుపెట్టనేలేదు. అయితే పాడైన ఉపగ్రహాన్ని కొన్నేళ్లలో కిందికి లాగేసి చెత్త మిగలకుండా చేసేదీ ఆ గాలే.

ఇక ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్ అక్కర్లేదా అని అడుగుతుంటారు. నగరాల్లో కచ్చితంగా కావాలి. ఒక ఉపగ్రహం సామర్థ్యాన్ని కింద ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. గిరాకీ ఉంది కదా అని దాన్ని నగరం మీద ఆపి ఉంచలేం, వెంటనే సముద్రం మీదికి వెళ్లిపోతుంది. అక్కడ ఓడలవాళ్లు దాని కోసమే ఎదురుచూస్తుంటారు.