97 క్రెడిట్లున్నాయి, ఇంకో 23 చాలా? ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీ అసలు లెక్క

[తెరపై: 120 − 97 = 23]

ఎప్పుడో ఆగిపోయిన బ్యాచిలర్స్‌ని అమెరికాలో ఒక రీజనల్ క్యాంపస్‌లో (పెద్ద యూనివర్సిటీకి ఉండే చిన్న శాఖ) చేరి పూర్తి చేద్దామనుకునేవాళ్లు ముందుగా వేసే లెక్క ఇది. డిగ్రీకి 120 క్రెడిట్లు (ఒక్కో కోర్సు బరువుని కొలిచే యూనిట్లు) కావాలి, పాత ట్రాన్‌స్క్రిప్టుల్లో 97 ఉన్నాయి, ఇంకో 23 చదివితే అయిపోతుంది అనుకుంటారు. కూడికలో, తీసివేతలో తప్పేం లేదు. కానీ ఈ లెక్కని నమ్ముకుని ఏడాది చదువూ ఆ ఏడాది ఫీజూ వృథా చేసుకుంటున్నారు. అది చూస్తూ ఊరుకోలేకే ఈ వీడియో.

మగ్గం గుర్తు తెచ్చుకోండి. ముందు పడుగు బిగిస్తారు, నిలువు దారాలు. తర్వాత నాడె అటూ ఇటూ తిరుగుతూ పేక దారాన్ని అడ్డంగా దూరుస్తుంది. మీ పాత క్రెడిట్లు నూలు చిలపలు. చిలపల్ని తూచి ‘చీర ముప్పాతిక అయిపోయింది’ అంటే నేతగాడు ఒప్పుకోడు. పడుగు ఎన్ని పోగులు, అందులో ఎన్నిటిని పేక దాటింది అని చూస్తాడు. యూనివర్సిటీ చూసేదీ అదే.

ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీలో, అంటే రెండు రంగాల్ని కలిపి చదివే డిగ్రీలో, పడుగు పోగులు ఏమిటంటే: మొత్తం 120 క్రెడిట్లు ఒకటి. ఈ క్యాంపస్‌లోనే చదవాల్సినవి, అంటే రెసిడెన్సీ, చాలాచోట్ల 30. అప్పర్ డివిజన్, అంటే మూడు వందలు, నాలుగు వందల నంబర్ల కోర్సులు, చోటుని బట్టి 30 నుంచి 45 దాకా ఉంటాయి. మన ఉదాహరణకి 36 అనుకుందాం. తర్వాత జనరల్ ఎడ్యుకేషన్, అంటే ఏ డిగ్రీ వాళ్లయినా చదవాల్సిన సాధారణ సబ్జెక్టులు. ఆ తర్వాత మీరు ఎంచుకున్న రెండు రంగాలు, ఒక్కోదానికి 15 క్రెడిట్లు అనుకుందాం, వాటిల్లో సి గ్రేడ్‌కి తగ్గకూడదు. చివర్లో క్యాప్‌స్టోన్, అంటే చదివినదంతా కలిపి చేసే ముగింపు ప్రాజెక్టు కోర్సు.

ఇప్పుడు ఆ 97ని విప్పి చూద్దాం. అందులో 64 కమ్యూనిటీ కాలేజీవి (రెండేళ్ల కాలేజీ). అవన్నీ వంద, రెండు వందల స్థాయివే. మిగతా 33 మధ్యలో వదిలేసిన బిజినెస్ డిగ్రీవి, వాటిల్లో 9 మాత్రమే అప్పర్ డివిజన్.

[తెరపై: 36 − 9 = 27. కొత్త క్యాంపస్ రెసిడెన్సీ: 30 − 0 = 30]

అప్పర్ డివిజన్ పోగులోనే 27 ఖాళీ ఉంది. రెసిడెన్సీ పోగు మొత్తం ఖాళీ. 23 క్రెడిట్లు ఎలా తిప్పినా 30ని నింపలేవు కదా! కాబట్టి ఈ విద్యార్థి 120 దగ్గర ఆగడం కుదరదు. అన్నీ సవ్యంగా పడితే 127 దగ్గర బయటపడతారు.

‘అన్నీ సవ్యంగా పడితే’ అన్నాను. పడకపోతే ఏమవుతుందో చూడండి. 23 అనుకుని తేలిగ్గా దొరికే వంద స్థాయి ఆన్‌లైన్ కోర్సులు 23 క్రెడిట్లకి చదివేశారు. మొత్తం 120 వచ్చింది. అప్పర్ డివిజన్ 27 అలాగే ఉంది. అంటే 147. క్లాసుకి వెళ్లకుండా పరీక్షతోనే క్రెడిట్ తెచ్చిపెట్టే క్లెప్ పరీక్షలు రాసి నింపుకున్నా ఇదే గతి. క్లెప్ క్రెడిట్లు దాదాపు ఎప్పుడూ లోయర్ డివిజన్‌లోనే పడతాయి, మామూలుగా రెసిడెన్సీకి లెక్కలోకి రావు. క్లెప్ మంచిదే, కానీ చదువు మొదట్లో పనికొచ్చినంతగా చివర్లో పనికిరాదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చే భాగం. ఒక పేక దారం ఎన్ని పడుగు పోగుల్ని దాటితే అంత లాభం. ఈ క్యాంపస్‌లో మూడు వందల స్థాయి సైకాలజీ కోర్సు ఒకటి తీసుకున్నారనుకోండి. మూడు క్రెడిట్లు. అవి మొత్తంలో పడతాయి, రెసిడెన్సీలో పడతాయి, అప్పర్ డివిజన్‌లో పడతాయి, సైకాలజీ రంగంలోనూ పడతాయి. ఒకే దారం, నాలుగు పోగులు. అదే ఊసుపోక తీసుకున్న వంద స్థాయి ఎలెక్టివ్ మొత్తాన్నీ రెసిడెన్సీనీ దాటి ఆగిపోతుంది. ఫీజు మాత్రం రెండింటికీ ఒకటే!

[తెరపై: సైకాలజీ 12, బిజినెస్ 9, ఇంటర్‌డిసిప్లినరీ పరిచయ కోర్సు 3, క్యాప్‌స్టోన్ 3, స్టాటిస్టిక్స్ 3]

మన విద్యార్థికి చివరి పది కోర్సులు ఇవి. మొదటి నాలుగు పద్దులూ అప్పర్ డివిజనే, కలిపితే 27. స్టాటిస్టిక్స్ జనరల్ ఎడ్యుకేషన్‌లో మిగిలిపోయిన లోటు. మొత్తం 30, అన్నీ ఇక్కడే. ఒక్క పోగూ ఖాళీ లేదు, ఒక్క దారమూ దండగ కాలేదు. కోర్సులు ఎంచుకోవడమంటే నా దృష్టిలో ఇదే.

పాత చిలపల్లో చిక్కుముడులుంటాయి. అవి ముందే విప్పుకోవాలి.

మొదటిది, స్థాయి. కమ్యూనిటీ కాలేజీలో చదివిన రెండు వందల స్థాయి కోర్సు ఇక్కడి మూడు వందల స్థాయి కోర్సుతో సమానమని ఒప్పుకున్నా, చాలాచోట్ల క్రెడిట్ మాత్రం లోయర్ డివిజన్‌గానే ఉంటుంది. సబ్జెక్టు షరతు తీరుతుంది, స్థాయి షరతు తీరదు. రెండూ విడివిడిగా అడగండి.

రెండోది, క్వార్టర్ పద్ధతి. పాత కాలేజీ సెమిస్టర్లలో కాకుండా వాటికంటే చిన్నవైన క్వార్టర్లలో నడిచి ఉంటే ఆ క్రెడిట్లని మూడింట రెండొంతులు చేస్తారు. 45 కాస్తా 30 అవుతుంది.

మూడోది, డి గ్రేడ్. బదిలీలోనే డి తీసుకోని యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. తీసుకున్నా రంగం కింద లెక్కకి రాకపోవచ్చు.

నాలుగోది ఎక్కువమంది గమనించరు. పాత కోర్సుకి ఇక్కడ సరిజోడు దొరక్కపోతే దాన్ని ‘జనరల్ ఎలెక్టివ్’ గంపలో పడేస్తారు. క్రెడిట్ వచ్చింది కదా అని మీరు సంతోషిస్తారు, కానీ అది మొత్తం 120లో తప్ప మరే పోగులోనూ లేదు. ఆ కోర్సు చదివిన సెమిస్టర్‌దే సిలబస్ సంపాదించండి. అందులో వారం వారం ఏం చెప్పారో, ఏ పాఠ్యపుస్తకం వాడారో ఉండాలి. దాన్ని జతచేసి మళ్లీ పరిశీలించమని డిపార్ట్‌మెంట్‌కి రాయండి. కేటలాగులో ఉండే రెండు వాక్యాల వివరణ పంపితే ఎక్కువగా తిరిగొస్తుంది. ఒప్పుకున్నాక డిగ్రీ ఆడిట్‌లో, అంటే ఏ షరతు తీరిందో ఏది తీరలేదో చూపించే యూనివర్సిటీ రిపోర్టులో, ఆ మార్పు కనిపించాలి. అడ్వైజర్ ‘సరే’ అని ఈమెయిల్ రాసినంత మాత్రాన ఆడిట్ మారదు. రిజిస్ట్రార్ చూసేది ఆడిట్‌నే.

చేరకముందే ‘వాట్-ఇఫ్’ ఆడిట్ తీయించుకోండి. ఈ డిగ్రీకి మారితే ఏ పోగు ఎంత ఖాళీయో అది చూపిస్తుంది.

ఇక రీజనల్ క్యాంపస్ సంగతి. తరగతులు చిన్నవి, ప్రొఫెసర్ మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, నాకు ఈ క్యాంపస్‌లంటే గౌరవం. కానీ అధ్యాపకులు తక్కువ కాబట్టి కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే పెడతారు. పరిచయ కోర్సు ఫాల్‌లోనే, అది పాసైతేనే క్యాప్‌స్టోన్, అదేమో స్ప్రింగ్‌లోనే ఉందనుకోండి. జనవరిలో చేరినవాళ్లు పరిచయ కోర్సు కోసం ఆగస్టు దాకా, క్యాప్‌స్టోన్ కోసం మళ్లీ జనవరి దాకా ఆగాలి. రెండు సెమిస్టర్ల చదువు మూడు సెమిస్టర్లు అవుతుంది. రెండేళ్ల కోర్సుల వరుస అడిగి తీసుకోండి. క్యాంపస్ భవిష్యత్తు కూడా కనుక్కోండి. పెన్ స్టేట్ తన కామన్‌వెల్త్ క్యాంపస్‌లలో ఏడింటిని 2027 స్ప్రింగ్ సెమిస్టర్ తర్వాత మూసేయాలని 2025 మేలో నిర్ణయించింది. మెయిన్ క్యాంపస్ ఆన్‌లైన్ కోర్సు మీ రెసిడెన్సీలోకి వస్తుందా రాదా అన్నది కూడా ముందే అడగాలి. ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి.

క్యాప్‌స్టోన్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చాలామంది సగం పేజీలు సైకాలజీ, సగం పేజీలు బిజినెస్ రాసి ఇస్తారు. అది రెండు గుడ్డముక్కల్ని పక్కపక్కన పెట్టడం. ‘చిన్న క్లినిక్‌లో రోగులు అపాయింట్‌మెంట్‌కి ఎందుకు రారు?’ అన్న ప్రశ్న తీసుకోండి. మరపు, భయం గురించి సైకాలజీ చెబుతుంది. ఖాళీ పోయే సమయానికి అయ్యే ఖర్చు, ఒకే సమయానికి ఇద్దరిని పిలిస్తే వచ్చే రద్దీ గురించి బిజినెస్ చెబుతుంది. భయంతో రానివాళ్లకి ఎన్ని రిమైండర్లు పంపినా లాభం లేదని సైకాలజీ అంటే, రిమైండర్లకి పెట్టే ఖర్చు ఎవరి మీద పెట్టాలన్న బిజినెస్ నిర్ణయమే మారిపోతుంది. ఒకటి లేకుండా రెండోది నిలబడకూడదు. పడుగూ పేకా అంటే అదీ.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను.

ఏడు వారాల కోర్సులు తేలిక అనుకోకండి. క్రెడిట్‌కి సుమారు 45 గంటల పని లెక్కన మూడు క్రెడిట్లంటే 135 గంటలు. ఏడు వారాల్లో అంటే వారానికి 19 పైనే. ఉద్యోగం చేస్తూ ఒకేసారి రెండు వద్దు.

ఫెడరల్ ఎయిడ్ (అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయం) తీసుకునేవాళ్లకి: 120 క్రెడిట్ల డిగ్రీకి ప్రయత్నించిన క్రెడిట్లు 180 దాటకూడదు. ఇక్కడ ఒప్పుకున్న పాత 97 కూడా అందులో కలుస్తాయి. తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్‌కి జీవితకాలంలో 12 ఫుల్‌టైమ్ సెమిస్టర్లకి సమానమైన పరిమితి ఉంది.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలి. పూర్తి ఆన్‌లైన్ క్లాసు అందులో ఒక్కటే, మూడు క్రెడిట్ల దాకానే లెక్కకొస్తుంది. చివరి సెమిస్టర్‌లో తక్కువ తీసుకోవాలంటే ముందు డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి. హెచ్-4 డిపెండెంట్ వీసా వాళ్లు పార్ట్‌టైమ్ చదవచ్చు.

ఆఖరిది, గ్రాడ్యుయేషన్‌కి అప్లికేషన్ మీరే పెట్టుకోవాలి. అన్ని పోగులూ నిండినా అది పెట్టకపోతే డిగ్రీ ఇవ్వరు. గడువు చాలాచోట్ల చివరి సెమిస్టర్ మొదట్లోనో, దాని ముందు సెమిస్టర్‌లోనో ముగుస్తుంది. పెట్టిన రోజే ఆడిట్ కాపీ సేవ్ చేసుకుని, ‘తీరలేదు’ అని ఒక్క గీత కనిపించినా ఆ వారమే రిజిస్ట్రార్‌కి రాయండి.