ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్ల మనసు అర్థం కాదా? సాలీ గోళీ కథ

"ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్ల బాధ పట్టదట కదా." ఈ మాట వింటే చాలు నాకు ఒళ్లు మండుతుంది. పైగా అనేది ఎవరో తెలియనివాళ్లు కాదు, కాస్తో కూస్తో సైకాలజీ చదివినవాళ్లే. ఆటిజం అంటే చిన్నప్పటి నుంచే మెదడు ఎదిగే తీరు వేరుగా ఉండటం, దాంతో ఇతరులతో మాట్లాడే, మెలిగే పద్ధతీ వేరుగా ఉంటుంది. ఉపోద్ఘాతం ఇంత చాలు, నేరుగా ఈ మాట పుట్టిన చోటికి వెళ్దాం.

[స్క్రీన్ మీద: రెండు బొమ్మలు, ఒక బుట్ట, ఒక పెట్టె]

సాలీ తన గోళీని బుట్టలో పెట్టి బయటికెళ్లింది. ఆన్ దాన్ని తీసి పెట్టెలో దాచింది. సాలీ తిరిగొచ్చింది. గోళీ కోసం ఎక్కడ వెతుకుతుంది? బుట్టలోనే కదా, పెట్టెలో ఉందని తెలిసింది మనకి, ఆమెకి కాదు. ఎదుటివాళ్ల తలలో ఉన్నదీ మన తలలో ఉన్నదీ ఒకటే కానక్కర్లేదని పట్టుకోవడం, దీన్నే థియరీ ఆఫ్ మైండ్ అంటారు. చాలామంది పిల్లలకి నాలుగేళ్లు దాటేసరికి ఇది వచ్చేస్తుంది. మూడేళ్లవాళ్లని అడిగితే ఎక్కువమంది ఏమాత్రం తడుముకోకుండా పెట్టె చూపిస్తారు, ఆ ధీమా చూడ్డానికి భలే ఉంటుంది.

1985లో సైమన్ బారన్-కోహెన్, అలాన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ అనే సైకాలజిస్టులు ఈ పరీక్షని ఆటిజం ఉన్న 20 మంది పిల్లలకి పెట్టారు. 16 మంది పెట్టె చూపించారు. డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చి తెలివితేటల ఎదుగుదలని నెమ్మది చేసే పరిస్థితి, ఉన్న 14 మందిలో 12 మంది సరిగ్గా బుట్ట చూపించారు, కాబట్టి తెలివితేటలు తక్కువై అలా చెప్పారని కొట్టిపారేయలేం. ఫలితం ఆసక్తికరమైనదే, నేను కాదనను. కానీ మిగతా నలుగురూ ఏమయ్యారు? వాళ్లు సరిగ్గానే చెప్పారు, తర్వాత అందరూ చెప్పుకునే కథలో మాత్రం కనిపించరు.

ఇంకోటి, ఆ ప్రశ్న అర్థం కావాలంటేనే భాష మీద మంచి పట్టుండాలి. సైగల భాష ఆలస్యంగా నేర్చుకున్న వినికిడి లేని పిల్లలు కూడా ఇలాంటి పరీక్షల్లో వెనకబడతారని 1995లో కాండిడా పీటర్సన్, మైఖేల్ సీగల్ చూపించారు. మరి వాళ్లకి జాలి లేదని ఎవరైనా అన్నారా?

అసలు తిరకాసు ఇక్కడుంది. గోళీ కనపడక సాలీ ఏడ్చింది అనుకోండి. ఎందుకు ఏడుస్తోందో ఊహించడం ఒకటి, ఆమె ఏడుస్తుంటే మన గుండె కలుక్కుమనడం ఇంకొకటి. పరీక్ష అడిగింది మొదటిదే, జనం తేల్చేసింది రెండోది! ఆటిజం ఉన్న చాలామంది చెప్పేదేంటంటే, పక్కవాళ్లు ఏడుస్తుంటే ఆ బాధ తట్టుకోలేనంతగా మీద పడిపోతుందని. అప్పుడు బిగుసుకుపోతారు, లేచి వెళ్లిపోతారు, లేదా ఏడుస్తున్న ఫ్రెండ్ మొహం వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ, ఆ సమస్యకి పరిష్కారం చెప్పడం మొదలుపెడతారు. చూసేవాళ్లకి అది రాతిగుండెలా కనిపిస్తుంది.

సరే, ఇప్పుడు ఆటిజం ఉన్నది సాలీకి, ఆన్‌కి లేదు అనుకుందాం. ఆన్ మాట్లాడుతుంటే సాలీ గోడ వైపు చూస్తూ శ్రద్ధగా వింటోంది, అలా చూస్తేనే ఆమెకి మాటలు బుర్రకెక్కుతాయి. ఆన్ ఏమనుకుంటుంది? "నా మాట వినట్లేదు" అని. ఇది కూడా పెట్టె చూపించడమే కదా, తనకి తెలిసిన లెక్కే సాలీకీ ఉంటుందనుకుంది. పరీక్ష తప్పింది ఆన్, కానీ లోపం మాత్రం సాలీ ఖాతాలో రాస్తారు. తనకీ ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో దీనికి డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అని పేరు పెట్టారు. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉందని ఆయన వాదన.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 2020లో కాథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథని ఎనిమిది మంది వరుసలో ఒకరి నుంచి ఒకరికి చెప్పించింది. అందరికీ ఆటిజం ఉన్న వరుసలో కథ ఎంత నిలిచిందో, ఎవరికీ లేని వరుసలోనూ అంతే నిలిచింది, రెండు రకాలవాళ్లూ కలిసిన వరుసలో మాత్రం ఎక్కువ జారిపోయింది. తర్వాత ఇంకా పెద్ద స్థాయిలో మళ్లీ చేస్తే కలిసిన వరుసలూ సమానంగానే వచ్చాయి, కాబట్టి ఆ సగం గట్టిగా చెప్పలేం. ఆటిజం ఉన్నవాళ్ల వరుసలు మాత్రం రెండుసార్లూ వెనకబడలేదు.

అలెక్సిథైమియా అని ఇంకో సంగతుంది, మన లోపలి ఫీలింగ్ ఏంటో మనకే పోల్చుకోవడం రాకపోవడం. ఆటిజం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అందరికీ కాదు. దాని గురించి వేరే వీడియోలో చెప్తా, ఇందులో ఇరికిస్తే దానికి అన్యాయం చేసినట్టే.