సింహాచలం ఘాట్‌లో ఎలక్ట్రిక్ కారు, ఎలక్ట్రిక్ ట్రక్కు

[దృశ్యం: అడవివరం దగ్గర ఘాట్ రోడ్డు మొదలు. కారు డ్యాష్‌బోర్డు దగ్గరగా.]

ఈ అంకె చూడండి. విశాఖలో హనుమంతవాక నుంచి ఇక్కడి దాకా నిలకడగా వచ్చిన కరెంటు ఖర్చు, ఘాట్ ఎక్కగానే కిలోమీటరుకు దాదాపు మూడింతలైంది. కంగారు పడకండి. కొండ తీసుకున్నదాంట్లో కొంత తిరిగి ఇస్తుంది. ఎంత ఇస్తుందన్నదే ఈరోజు లెక్క.

టన్ను బరువును 100 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే 0.27 యూనిట్లు కావాలి. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. ఏ కంపెనీ బండైనా ఇంతే, భూమి ఎవరికీ డిస్కౌంటు ఇవ్వదు.

[దృశ్యం: తెల్ల బోర్డు మీద రెండు బండ్ల బొమ్మలు.]

200 మీటర్లు ఎక్కామనుకుందాం. మనుషులతో కలిపి టన్నున్నర ఉన్న కారుకు 0.8 యూనిట్లు. దిగేటప్పుడు మోటారే జనరేటరై బ్యాటరీని నింపుతుంది, దీన్నే రీజెన్ అంటారు. 60 శాతం వెనక్కి వస్తుందని పెట్టుకుంటే, కొండకు మనం కట్టిన అసలు సుంకం 0.3 యూనిట్లే. గాలి, టైర్ల రాపిడి వేరే ఖాతా. డీజిల్ బండి అయితే ఈ తిరుగు సొమ్మంతా బ్రేకుల వేడిగా పోయేది. దిగువన ఆ బ్రేకుల కమురు వాసన తెలియనివారు లేరు కదా.

ఇప్పుడు ట్రక్కు. ఖాళీ బరువు టన్నున్నర. టన్ను బియ్యం వేసుకుని పైకెళ్తే 1.36 యూనిట్లు. బియ్యం కొండపైనే దిగిపోతాయి, ట్రక్కు ఖాళీగా వస్తుంది, కాబట్టి తిరిగొచ్చేది 0.5 మాత్రమే. అంటే 0.86 ఖర్చు, కారుకు మూడు రెట్లకు దగ్గర. ఇక్కడితో ఆగితే ట్రక్కు ఓడినట్టే. నేను ఆగను.

[దృశ్యం: రోడ్డు పక్కన అనాసపండ్ల కుప్ప.]

అదే ట్రక్కు ఖాళీగా ఎక్కి, టన్ను అనాసపండ్లతో దిగిందనుకోండి. ఎక్కడానికి 0.82 యూనిట్లు, దిగేటప్పుడు 1.36లో 60 శాతం, అంటే మళ్లీ 0.82. కొండకు చెల్లు! స్విట్జర్లాండులో బీల్ దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో ఇదే పద్ధతి. 45 టన్నుల ఎలక్ట్రిక్ డంపరు ఖాళీగా ఎక్కి, 65 టన్నుల రాయితో దిగుతుంది.

అందుకే బండి ఎంత బరువని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. సరుకు పైకి వెళ్తోందా, కిందికి వస్తోందా? కొండ మీద ట్రక్కు కొనే ముందు నేనైతే దాని రోజువారీ తిరుగుడు రాసుకుంటాను.

[దృశ్యం: అరకు, తెల్లవారుజామున మంచు.]

ఒక్క జాగ్రత్త. అరకులో రాత్రి నూరు శాతం నింపి పొద్దున్నే అనంతగిరి ఘాట్ దిగకండి. బ్యాటరీలో చోటు లేకపోతే రీజెన్ పనిచేయదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పది శాతం ఖాళీగా ఉంచి బయలుదేరండి.