సీసాలు సర్దే యంత్రం: పెట్టెల లెక్క ఒక్కటే చూసి కొనకండి

నమస్కారం. నా వెనక నడుస్తున్నది సీసాలను వరుసలు కట్టి అట్టపెట్టెల్లో సర్దే యంత్రం. రెండు రోజులు దీని పక్కనే నిలబడి చూశాను. తయారీదారు పేరు చెప్పను. నేను చూపించే విషయాలు ఈ తరహా యంత్రం ఏది కొన్నా పరీక్షించుకోవలసినవే.

ముందు దీని పని చూడండి. మూత బిగించిన సీసాలు వెడల్పాటి కన్వేయర్ మీద గుంపుగా వస్తాయి. ఇక్కడ నిలువు పలకల మధ్య నాలుగు దారులుగా విడిపోతాయి. దారికి 6 చొప్పున చేరగానే సెన్సర్ లెక్క చూసుకుంటుంది, వెనక సీసాలను అడ్డుపట్టీ ఆపుతుంది. పైనుంచి గ్రిప్పర్లు దిగి 24 సీసాల మెడలను ఒకేసారి పట్టుకుంటాయి. ఇప్పుడు దించడాన్ని గమనించండి. పెట్టె అడుగు తగిలే ముందు వేగం ఎలా తగ్గిందో చూశారా? వేగాన్నీ, ఆగే చోటునూ కచ్చితంగా అదుపు చేసే సర్వో మోటారుతో వచ్చే లాభం అదే. సీసాలను పైనుంచి జారవిడిచే యంత్రాలు కూడా ఉన్నాయి, వాటి నిర్మాణం సులువు. కానీ గాజు సీసాలకైతే నేను ఇలా దించే పద్ధతినే ఎంచుకుంటాను. ఈ విషయంలో దీనికి పూర్తి మార్కులు.

ఇక వేగం. నిమిషానికి 10 పెట్టెలని కరపత్రంలో ఉంది. అంటే 240 సీసాలు, సెకనుకు 4. ఆగకుండా నడిచినంతసేపు ఆ వేగం నిజమే. కానీ మొదటి రోజు ఉదయమే నాలుగు సార్లు ఆగింది, నాలుగు సార్లూ దారులు చీలే ఈ చోటే.

కారణం చూడండి. గుండ్రటి సీసాలను గుంపుగా నెడితే, అవి తమంతట తామే తేనెపట్టు గదుల్లా ఒకదాని సందులోకి ఒకటి ఒదుగుతాయి. అలా ఒదిగితే సుమారు 91 శాతం చోటు నిండుతుంది; చదరంగం గళ్లలా నిలబెడితే 79 శాతం లోపే. పలకలు ఆ ఒద్దికను విడదీసి నేరు వరుసలు చేయాలి. అక్కడే రెండు మూడు సీసాలు భుజాలు ఆనించుకుని, కమానులో రాళ్లలా బిగుసుకుపోతాయి. వెనక నుంచి ఎంత నెడితే అంత బిగుస్తాయి. ఆపరేటర్ తొందరపడి కన్వేయర్ వేగం పెంచితే ఇంకా చెడుతుంది. మేము వేగాన్ని కాస్త తగ్గించాం. మధ్యాహ్నం ఒక్కసారే ఆగింది, సాయంత్రానికి పెట్టెల లెక్క ఉదయం కన్నా ఎక్కువ తేలింది!

ఈ పలకలు అటూ ఇటూ కొద్దిగా కదిలేలా ఉంటే ఆ కమాను కట్టుకోకముందే చెదిరిపోయేది. ఈ నమూనాలో అవి కదలవు. సీసాలను దించడానికి ఇంత మంచి యంత్రపు చేయి పెట్టినవారు ఇక్కడ పొదుపు చేయడం నాకు బాధ కలిగించింది.

రెండో రోజు సీసా సైజు మార్చి చూశాం. సీసాలు పక్కకు పోకుండా ఆపే పట్టీలను జరిపే చక్రాలకు అంకెలున్నాయి, రాసిపెట్టుకున్న అంకెకు తిప్పితే చాలు. గ్రిప్పర్ల తల మార్చడానికి మాత్రం స్పానరుతో బోల్టులన్నీ విప్పాలి. తల బరువైనది, ఇద్దరు పట్టుకోవాలి. ఇద్దరం కలిసినా ముప్పావుగంట పట్టింది. చేత్తో తిప్పే బిగింపులు ఉంటే ఈ శ్రమ చాలావరకు తప్పేది.

భద్రత బాగుంది. గార్డు తలుపు తెరవగానే యంత్రం ఆగింది. మూసినంత మాత్రాన కదలలేదు, విడిగా బటన్ నొక్కాకే నడిచింది. మీరు ఏ యంత్రం చూసినా ఇది తప్పక పరీక్షించండి.

చూడటానికి వెళ్లేటప్పుడు మీ సీసాలనే తీసుకెళ్లండి, అదీ నింపినవి. ఖాళీ సీసా తేలిక కాబట్టి ఒరిగిపోతుంది, నిండు సీసా బరువుతో నెడుతుంది. రెండింటి నడక ఒకటి కాదు. కనీసం గంటసేపు ఆపకుండా నడపమని అడగండి, ఎన్నిసార్లు ఆగిందో మీరే రాసుకోండి.

రోజంతా ఒకే సైజు సర్దేవారికి దీన్ని సంతోషంగా సిఫారసు చేస్తాను. రోజుకు రెండు మూడు సైజులు మార్చేవారు మాత్రం, ఆ బోల్టుల సంగతి తయారీదారుతో తేల్చుకునే వరకు డబ్బు కట్టకండి.