ఎల్‌ఈడీ ఎందుకు మాడింది? రెజిస్టర్ చేసే పని

[టేబుల్ మీద 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ]

దీన్ని నేరుగా బ్యాటరీకి తగిలిస్తున్నా, చూడండి.

[ఒక్క మెరుపు, చీకటి]

అయిపోయింది. ఎర్ర ఎల్‌ఈడీకి చాలేది దాదాపు 2 వోల్టులు. అంతకు మించి ఇచ్చామా, దాంట్లో కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. మామూలు రకం 20 మిల్లీఆంపియర్ల దాకా ఓర్చుకుంటుంది, అంతే. మరి మిగతా 7 వోల్టులు ఎవరు మోయాలి?

[రెజిస్టర్ బాగా దగ్గరగా]

ఇదిగో, వీడు: రెజిస్టర్, కరెంటుని అడ్డుకునే చిన్న ముక్క. పసుపు, ఊదా, గోధుమ రంగు చారలున్నాయి కదా: 4, 7, పక్కన ఒక సున్నా. అంటే 470 ఓములు, కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత అది. చివరి బంగారు చారకి అర్థం, విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని. జర్మనీలో జార్జ్ ఓమ్ 1827లో అచ్చువేసిన సూత్రమే మన లెక్క: వోల్టులని ఓములతో భాగిస్తే కరెంటు. 7ని 470తో భాగిస్తే దాదాపు 0.015 ఆంపియర్, అంటే 15 మిల్లీఆంపియర్లు. ఎల్‌ఈడీ హాయిగా వెలుగుతుంది.

లోపల పింగాణీ కడ్డీ మీద పలచటి కార్బన్ పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లు అందులో అణువులకు తగులుకుంటూ పోతాయి, ఆ రాపిడికి వేడి పుడుతుంది. ఇక్కడ పుట్టేది 0.1 వాట్, పావు వాట్ దాకా ఓర్చుకునే ఈ రెజిస్టర్‌కి అదో లెక్క కాదు.

[గోడ మీద పాత ఫ్యాన్ రెగ్యులేటర్]

ఆ వేడి చేతికి తగలాలంటే ఈ నల్ల డబ్బాని గుర్తుచేసుకోండి. ఇందులో ఉన్నదీ రెజిస్టరే, చుట్టలుగా చుట్టిన తీగ. 5లో పెడితే తీగ దారిలోనే ఉండదు. 1లో పెడితే కరెంటు తీగంతా దాటాకే ఫ్యాన్‌కి చేరుతుంది. ఫ్యాన్ నీరసంగా తిరిగేది, డబ్బా మాత్రం వేడెక్కేది. స్పీడు తగ్గించాం, బిల్లు తగ్గుతుంది అని మా ఇంట్లో మురిసిపోయేవాళ్ళం! ఆదా అయిందనుకున్న దాంట్లో కొంత ఆ డబ్బాలోనే కాలిపోయేది. ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్లలో తీగ బదులు కెపాసిటర్లు (కరెంటుని వేడిగా మార్చకుండా కాసేపు దాచి తిరిగిచ్చేవి) వాడతారు, అందుకే అవి అంత కాగవు.

[మళ్ళీ టేబుల్, కొత్త ఎల్‌ఈడీ వెలుగుతోంది]

చాలామందికి ఒక అనుమానం: రెజిస్టర్ ఎల్‌ఈడీకి ముందుండాలా, వెనకా? ముందుంటేనే కరెంటుని ఆపుతుందని నేనూ చాలాకాలం నమ్మాను. ఇదిగో, ప్లస్ వైపు నుంచి తీసి మైనస్ వైపు పెడుతున్నా.

[మార్చగానే మళ్ళీ వెలుగుతుంది]

వెలుతురులో తేడా ఉందా? లేదు. ఒకే దారిలో వరుసగా ఉన్నప్పుడు కరెంటు అంతటా ఒకటే. ఎల్‌ఈడీ పొడుగు కాలు మాత్రం ప్లస్ వైపే ఉండాలి సుమా.