గోలీసోడా సీసాకి ఏ గమ్?

నేను: బాబాయ్, రికార్డింగ్ మొదలైంది. ముందు ఆ సీసా సంగతి చెప్పు.

బాబాయ్: తాతయ్య కొట్లో మిగిలిన గోలీసోడా సీసా అమ్మా. హైరమ్ కాడ్ అని లండన్ ఆయన 1872లో పేటెంట్ తీసుకున్న నమూనా ఇది. లోపలి గ్యాసు గోలీని పైకి నెట్టి, మెడలోని రబ్బరు వాషరుకి బిగించి పట్టేస్తుంది. వేరే మూత అక్కర్లేదు. పోయిన వేసవిలో అటక మీంచి దింపుతుంటే జారింది. అడుగు బాగానే ఉంది కానీ మెడ రెండు ముక్కలైంది.

నేను: వెంటనే క్విక్ గమ్ తెచ్చావని పిన్ని చెప్పింది.

బాబాయ్: మీ పిన్నికి ఏదీ దాగదు కదా! అది క్షణంలో పట్టేస్తుంది, గొడవంతా అక్కడే. మొదటి ముక్క వెంట్రుకవాసి పక్కకి కూర్చుంది. దాంతో రెండోది ఎంత తిప్పినా దూరదే! పైగా అతుకు చుట్టూ విబూది రాసినట్టు తెల్లటి పొర. గాజు మీద అది నిలవదు కూడా, తేమకి ఊడొస్తుంది.

నేను: మరి ఎలా వదిలించావు?

బాబాయ్: అసిటోన్‌లో నానబెట్టి. ఒక పూటలో అయ్యే పని కాదు, ఓపిక కావాలి.

నేను: అంటే నెయిల్ పాలిష్ రిమూవరేగా?

బాబాయ్: వద్దు వద్దు. అందులో నూనె, రంగు, సెంటు అన్నీ కలుపుతారు. ఆ జిడ్డు అంచుకి అంటితే ఇక ఏ గమ్మూ పట్టదు. ఉత్త అసిటోనే కావాలి. తుడిచాక అంచుని వేలితో ముట్టుకోకూడదు.

నేను: ఈసారి దేనితో అతికించావు?

బాబాయ్: రెండిటి మధ్య ఊగిసలాడాను. ఒకటి హెక్స్‌టాల్ అనే ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే గమ్. నీళ్ళలా పల్చగా ఉంటుంది. ముక్కల్ని పొడిగానే పేర్చి, టేపు వేసి, పగులు మీద సూదిమొనతో చుక్క పెడితే చాలు, తనే లోపలికి పాకుతుంది. లోపలికెళ్ళిన వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే లెక్క మామూలు గాజుకి 1.52, దీనికీ అంతే. అందుకే పగులు ఎక్కడుందో వెతుక్కోవాలి. బజార్లో దొరికే రెండు ట్యూబుల రకం తొందరగా పచ్చబడుతుంది, దీనికి ఆ రోగం బాగా తక్కువ. కాకపోతే గట్టిపడటానికి వారం పడుతుంది, ఊడదీయడం మహా కష్టం.

నేను: రెండోది?

బాబాయ్: ప్యారలాయిడ్ బి-72. మ్యూజియాల వాళ్ళు వాడేది. పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది, అసిటోన్‌లో కరిగించుకోవాలి. అతుకు కాస్త కనిపిస్తుంది. కానీ ఎప్పుడు కావాలన్నా అదే అసిటోన్‌తో విడిపోతుంది. ఒకసారి వంకరగా అతికించినవాణ్ణి కదా, దీనికే ఓటేశాను.

నేను: మన ఎండలకి ఆగుతుందా?

బాబాయ్: అదే నా టెన్షన్. 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో మన హాల్లోనే అంత ఉంటుంది! అందుకే కిటికీ దగ్గర పెట్టను, మెడ పట్టుకుని ఎత్తనివ్వను. అతికించేటప్పుడు సీసాని ఇసుక డబ్బాలో నిలబెట్టి, అతుకు మీద గోరు అటూ ఇటూ గీశాను. ఎక్కడైనా తగిలితే ముక్క ఎత్తుపల్లాలుగా కూర్చున్నట్టే.

నేను: ఇక ఇందులో నాకో సోడా కొడతావా?

బాబాయ్: పిచ్చి పని! ఆ ఒత్తిడికి మొహం మీదే పేలుతుంది. ఏ గమ్ పెట్టినా సరే, ఇది అల్మరాలోకే.

నేను: సరే కానీ, లోపల గోలీ లేదేంటి?

బాబాయ్: ...పగిలినప్పుడు మంచం కిందికి దొర్లింది. నిన్న ఊడుస్తుంటే మీ పిన్నికి దొరికింది. మెడ అతికించి పది రోజులైంది, అప్పటికి నాకు గుర్తే లేదు.

నేను: అయ్యో! ఇప్పుడెలా?

బాబాయ్: ఎలాగేముంది, ఆ అసిటోన్ సీసా ఇటివ్వు.