రాతి పగుళ్లలో పిల్లల్ని కనే చేప

[తెరపై: గోపాల్‌పూర్ ఇసుక ఒడ్డు. పడవలు, ఆరబెట్టిన వలలు]

ఇది ఒడిశాలోని గంజాం తీరం. ఇక్కడి వాడబలిజ ఊళ్లలో పెద్దవాళ్లకు ఏ చేప చూపించినా పేరు చెప్పేస్తారు. కానీ వాళ్ల వలలు తిరిగేది ఇసుక నేల మీద, నీళ్లలో. రాతి పగుళ్లలోకి వల పోదు, గాలం కూడా సరిగ్గా అందదు. ఈరోజు అలాంటి చోట బతికే చేప గురించి చెబుతాను. ఇది బ్రోటులా అనే చేపల్లో ఒక రకం.

[తెరపై: పగడపు రాళ్ల మధ్య సన్నని సందు. చేప బొమ్మ]

ఇందులో వందకు పైగా జాతులున్నాయి. చాలావరకు పది సెంటీమీటర్లు కూడా దాటవు. సన్నగా, పొడుగ్గా ఉంటాయి, కళ్లు బాగా చిన్నవి. గొంతు కింద రెండు దారాల్లాంటి రెక్కలు వేలాడుతుంటాయి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో పగడపు దిబ్బల దగ్గర, రాతి ఒడ్డుల్లో సందుల లోపలే ఉంటాయి. డైవింగ్ చేసేవాళ్ల కంటికి కూడా అరుదుగానే పడతాయి.

అసలు విశేషం వేరే ఉంది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది!

సొరను కోసినప్పుడు కడుపులో పిల్లలు కనిపించడం మనవాళ్లకు కొత్త కాదు. కానీ సొరకు ఉండేది మెత్తటి ఎముక. గట్టి ముళ్లున్న చేపల్లో ఎక్కువ భాగం గుడ్లను నీళ్లలోకి వదిలేస్తాయి, వాటిలో చాలావాటిని వేరే జీవులు తినేస్తాయి. ఈ రకం బ్రోటులా తల్లి మాత్రం పిల్లల్ని కడుపులోనే పెంచుకుంటుంది. అందుకే మగచేపకు వీర్యాన్ని ఆడచేప లోపలికి చేర్చే అవయవం ఉంటుంది. దాని ఆకారం జాతిని బట్టి మారుతుంది కాబట్టి, చూడటానికి ఒకేలా ఉండే రెండు జాతుల్ని శాస్త్రవేత్తలు దాన్ని చూసే వేరు చేస్తారు.

[తెరపై: మ్యూజియంలో గాజు సీసాలు]

డచ్ సైనిక వైద్యుడు పీటర్ బ్లీకర్ 1855లోనే ఇప్పటి ఇండోనేషియా నుంచి ఇలాంటి ఒక చేపను వర్ణించాడు. అయినా చాలా జాతులకు పేర్లు వచ్చింది 2000 తర్వాతే. సందుల్లోంచి బయటికి రప్పించడానికి పరిశోధకులు రోటెనోన్ అనే మందు వాడేవారు. అది చేపల ఊపిరి ఆపేస్తుంది. పక్కనున్న ఇతర జీవులూ చస్తాయి కాబట్టి, దాన్ని ఎవరూ ఊరికే ప్రయత్నించకూడదు.

[తెరపై: విశాఖ దగ్గరి రాతి ఒడ్డు, ఆటు సమయం]

గంజాం నుంచి విశాఖ వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోయాక రాళ్ల గుంటల్లో చూడండి, పిల్లలకూ చూపించండి. రాయి ఎత్తితే నెమ్మదిగా, మళ్లీ అలాగే పెట్టేయండి. దాని కింద చల్లదనం పోతే చిన్న జీవులు ఎండకు చనిపోతాయి. తెలియని చేప కనిపిస్తే పట్టుకోకండి, ఫోటో చాలు. గోపాల్‌పూర్‌లోనే భారత జంతుశాస్త్ర సర్వే సంస్థ కేంద్రం ఉంది, ఆ ఫోటో అక్కడ చూపించొచ్చు.